సలుపు, పోటు, తీపు: చివరి రోజుల్లో వినే చెవి ఏ భాషది?

ఒడిశాలోని బరంపురంలో ఏదో ఒక ఆస్పత్రి వార్డు అనుకుందాం. మంచం మీద డెబ్బై దాటిన తెలుగు పెద్దాయన, కడుపులో మొదలైన క్యాన్సర్ వెన్ను దాకా పాకింది. నర్సు వచ్చి "బింధుచి కి?" అని అడుగుతుంది, నొప్పిగా ఉందా అని. ఆయనకు ఒడియా రాక కాదు, బజార్లో బేరాలన్నీ జీవితమంతా ఆ భాషలోనే ఆడాడు. తలూపి ఊరుకుంటాడు, కేస్ షీట్లో నొప్పి ఉంది అని పడుతుంది, అక్కడితో సరి. సాయంత్రం కోడలు క్యారేజీ పట్టుకొస్తే మాత్రం ఆమెతో "కాలంతా జివ్వుమంటందమ్మా, కడుపులో మెలిపెట్టి వదుల్తంది, రాత్రయితే నడుము సలుపు" అంటాడు.

ఆ ఒక్క వాక్యంలో మూడు రకాల నొప్పులున్నాయి. జివ్వుమనడం, మండటం, సూదులు గుచ్చినట్టుండటం సాధారణంగా నరం దెబ్బతింటే వచ్చేవి. దానికి మార్ఫిన్ ఒక్కటే చాలకపోవచ్చు, మూర్ఛకో డిప్రెషన్‌కో వాడే మందులు కొన్ని తక్కువ మోతాదులో కలిపి ఇస్తారు. మెలిపెట్టి వదిలేది పేగు నొప్పి, దానికి ఒక్కోసారి మలబద్ధకమే కారణం, ఆ మలబద్ధకానికి మళ్లీ మార్ఫినే కారణం కావచ్చు. సలుపు ఎముకదో వాపుదో చూడాలి. తెలుగులో నొప్పికి ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? పోటు, సలుపు, తీపు, గుంజుడు, పీకుడు, మంట, చురుకు, మెలి. పెద్దాయన తన భాషలో తన ఒంటి కథ చెప్పుకుంటే డాక్టరుకు సగం రోగ నిర్ధారణ చేతికొచ్చినట్టే. ఆ కథ కోడలి దగ్గరే ఆగిపోయింది.

చివరి రోజుల సంరక్షణలో కథలు, కళలు అనగానే చాలామంది ఇదేదో డబ్బున్న దేశాల ముచ్చట అనుకుంటారు, మంచం పక్కన ఎవరో గిటార్ వాయించడం, గోడకు బొమ్మలు తగిలించడం లాంటిదని. అదీ ఉంది. కానీ అసలు సంగతి మొదలయ్యేది నొప్పి కథ వినడం దగ్గర. ఈ రంగానికి పునాది వేసిన సిసిలీ సాండర్స్ చేసిన పని కూడా అదే. ఆమె నర్సుగా మొదలుపెట్టి, సోషల్ వర్కర్‌గా చేసి, ఆ తర్వాత డాక్టరైంది. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్, అంటే చావుకు దగ్గరైన రోగుల్ని చూసుకునే చోటు, తెరిచింది. అంతకుముందు ఏళ్ల తరబడి చావుకు దగ్గరైన రోగుల మాటలు టేప్ రికార్డర్‌లో పట్టుకుంటూ కూర్చుంది. ఒకావిడను నొప్పి గురించి అడిగితే, వీపులో మొదలైందని చెప్పి, చివరికి నేను మొత్తంగానే బాగాలేనట్టుంది అనేసిందట. ఒంటి బాధ, మనసు బాధ, ఇంటి బాధ, దేవుడి మీద అలక, ఇవన్నీ ఒకే ముద్దగా ఉంటాయన్న ఆలోచన అలాంటి మాటల్లోంచే పుట్టింది, దానికే సంపూర్ణ వేదన అని పేరు పెట్టింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 5 కోట్ల 68 లక్షల మందికి ఇలాంటి పాలియేటివ్ కేర్, అంటే జబ్బు నయం కాకపోయినా బాధ తగ్గించే సంరక్షణ, కావాలి, అందేది వాళ్లలో 14 శాతం మందికే. కాబట్టి ఒక మాట ముందే అనుకోవాలి: మందు లేనిచోట కథ చెప్పమనడం దాదాపు క్రూరత్వం. మన దేశంలో 1985 మాదకద్రవ్యాల చట్టం తర్వాత మార్ఫిన్ వాడకం బాగా పడిపోయింది, లైసెన్సుల బెడదకు భయపడి ఆస్పత్రులే మానేశాయి. 2014లో చట్టం సవరించాక దారి కొంత తేలికైంది. నొప్పితో మెలికలు తిరిగే మనిషి దగ్గర కూర్చుని మీ చిన్నతనం చెప్పండి అని అడిగేవాళ్లకు దణ్ణం పెట్టాలి. ముందు నొప్పి తగ్గించాలి, కథ ఆ తర్వాత.

ఇక భాష సంగతి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జైపూర్ వైపంతా మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్లింది. తెలుగువాళ్లు కదల్లేదు, గీత కదిలింది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిందీ, సవర భాష నేర్చుకుందీ పర్లాకిమిడిలోనే. అలాంటి చోట ఇవాళ తాతకు తెలుగు చదవడం వచ్చు, కొడుకు మాట్లాడతాడు, మనవడికి అర్థమవుతుంది గానీ జవాబు ఒడియాలో ఇస్తాడు. మామూలు రోజుల్లో ఇదేం ఇబ్బంది కాదు, రెండు భాషల మధ్య అటూ ఇటూ తిరగడం ఇక్కడివాళ్లకు వీధి దాటినంత తేలిక. ఇబ్బంది వచ్చేది ఒంట్లో శక్తి అయిపోయినప్పుడు. మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్లలో తర్వాత నేర్చుకున్న భాష ముందు జారిపోయి, అమ్మ దగ్గర నేర్చిన భాష మిగలడం డాక్టర్లు తరచూ గమనించే విషయమే. విపరీతమైన నీరసంలో, మందుల మగతలో కూడా మనిషి చాలాసార్లు మొదటి భాషలోనే గొణుగుతాడు. ఇంటి గడప దాటని ముసలమ్మల సంగతి సరేసరి, వాళ్లకు మొదటినుంచీ ఒడియా కూరగాయల బండి దాకానే.

సరిహద్దు అవతలికి వెళ్లే రోగులూ ఉన్నారు. గుణుపురం, రాయగడ నుంచి చాలామంది క్యాన్సర్ వైద్యానికి విశాఖపట్నం వెళ్తారు, అక్కడ భాష కలుస్తుంది. కాకపోతే ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి అన్నాక తిరిగొచ్చేది ఈ ఊళ్లకే. ఆ తర్వాతి వారాలూ నెలలూ ఎవరు చూస్తారు, ఏ భాషలో చూస్తారు అన్నదే అసలు ప్రశ్న.

మన పాత సంప్రదాయంలో దీనికి ఒక ఏర్పాటు ఉంది, దాన్ని తక్కువగా చూడక్కర్లేదు. భాగవతం మొత్తం చావు ముందు చెప్పిన కథే కదా. పాము కాటుతో ఏడు రోజుల్లో పోతావని శాపం తగిలిన పరీక్షిత్తు గంగ ఒడ్డున కూర్చుంటే శుకుడు వచ్చి చెప్పాడు. ఇవాళ్టికీ తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు మంచాన పడితే గజేంద్ర మోక్షం చదివి వినిపిస్తారు. పక్క ఒడియా ఇంట్లో 16వ శతాబ్దంలో జగన్నాథ దాసు రాసిన ఒడియా భాగవతం చదువుతారు, ఊళ్లలో దానికోసం భాగవత టుంగి అని ప్రత్యేకంగా ఒక చోటే ఉంటుంది. ఆఖరి ఘడియల్లో ఒక ఇంట్లో తులసి తీర్థం పోస్తే ఇంకో ఇంట్లో పూరీ నుంచి తెచ్చిన నిర్మాల్యం మెతుకు నోట్లో పెడతారు, బరంపురం తెలుగు ఇళ్లలో చాలాచోట్ల రెండూ జరుగుతాయి.

ఈ ఏర్పాటులో చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది. పరీక్షిత్తు ఊరికే పడుకుని వినలేదు, అడుగుతూనే ఉన్నాడు. అది ఎందుకు జరిగింది, ఆ తర్వాతేమైంది, ఇంకా చెప్పు అంటూ. ఆయన ప్రశ్నలే కథను నడిపాయి. మనం మాత్రం మంచం పట్టిన మనిషిని నోరు లేని శ్రోతను చేసేశాం. దిండు పక్కన ఫోన్ పెట్టి విష్ణు సహస్రనామం లూప్‌లో వదిలేసి బయట కూర్చోవడం ఇప్పుడు ఇంటింటి పద్ధతి. ఆయనకు ఇష్టమో కాదో అడిగినవాళ్లు లేరు. జీవితమంతా పేకాటా సినిమా పాటలూ తప్ప గుడి ముఖం చూడని మనిషికి ఇరవై నాలుగు గంటలూ సహస్రనామం వినిపిస్తే అది ఎవరి ప్రశాంతత కోసం? సాండర్స్ జీవితంలోనే దీనికి సరిపడే సంగతి ఒకటి ఉంది. 1948లో డేవిడ్ టాస్మా అనే పోలండ్ యూదు రోగి, నలభై ఏళ్లవాడు, లండన్ ఆస్పత్రిలో చనిపోతూ ఏదైనా ఊరట మాట చెప్పమన్నాడు. ఆమె ఏదో చదివి వినిపించబోతే, చదవద్దు, నీ మనసులో ఉన్నదే కావాలి అన్నాడు. పోతూ పోతూ ఆమె కట్టబోయే ఇంట్లో తాను ఒక కిటికీ అవుతానని 500 పౌండ్లు వదిలి వెళ్లాడు, హాస్పీస్‌కు అదే మొదటి డబ్బు.

రోగిని శ్రోత నుంచి కథకుడిగా మార్చే పని ఆధునిక వైద్యంలో నెమ్మదిగానే మొదలైంది. ముసలితనంలో పాత సంగతులే పదే పదే చెప్పడం చాదస్తం కాదు, మనిషి తన బతుకును తనే సరిచూసుకునే పని అని రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు 1963లో రాశాడు. తర్వాత కెనడాలో హార్వీ చోచినోవ్ దాన్ని ఒక పద్ధతిగా మలిచాడు, డిగ్నిటీ థెరపీ అంటారు. రోగి దగ్గర కూర్చుని కొన్ని ప్రశ్నలు అడుగుతారు, చెప్పింది రికార్డు చేస్తారు, రెండు మూడు రోజుల్లో కాగితం మీద పెట్టి, అతుకులు సరిచేసి, రోగికే చదివి వినిపిస్తారు. ఆయన అవును ఇదే అన్నాక అది కుటుంబానికి దక్కుతుంది. 2005లో వచ్చిన అధ్యయనంలో 100 మంది రోగుల్లో 91 శాతం సంతృప్తిగా ఉందన్నారు, 76 శాతం తమ గౌరవం పెరిగినట్టు అనిపించిందన్నారు. అంకెలు బాగున్నాయి. కానీ 2011లో ఇతర రకాల సంరక్షణతో పోల్చి పరీక్ష పెడితే, బాధను కొలిచే ముఖ్యమైన స్కేళ్లలో పెద్ద తేడా కనపడలేదు. తమకు మేలు జరిగిందని, ఇంట్లోవాళ్లు తమను చూసే తీరు మారిందని మాత్రం ఈ పద్ధతిలో ఉన్న రోగులే ఎక్కువగా చెప్పారు. అంటే కథ చెప్పడం మందులా పని చేయదు. పని చేస్తుంది, కానీ స్కేలు మీద కాదు, ఇంట్లో.

ఆ ప్రశ్నలను యథాతథంగా తెలుగులోకి దించితే మాత్రం నవ్వుతారు. మీరు దేనికి గర్వపడుతున్నారు, మీరు అత్యంత సజీవంగా ఉన్నట్టు అనిపించిన సమయం ఏది అని బరంపురం నేతగాళ్ల వీధి పెద్దాయన్ని అడిగితే ఏమంటాడు? "ఏటుంది బాబూ, ఏదో బతికేసినాం" అంటాడు, అంతటితో అయిపోతుంది. తన గొప్ప తాను చెప్పుకోవడం మన పెంపకంలో తప్పు. మనవాళ్లకు వస్తువు కావాలి, చోటు కావాలి, ధర కావాలి. నీ మొదటి చీర ఎంతకు పోయింది తాతా? ఠాకురాణీ జాతరకు ఏ వేషం కట్టావు, మొక్కు దేనికి? పెళ్లికి అమ్మమ్మను ఇచ్ఛాపురం నుంచి రైల్లో తెచ్చారా, బండిలోనా? ఇలా అడిగితే గంట సేపు ఆగడు, మధ్యలో గర్వమూ ఏడుపూ పశ్చాత్తాపమూ అన్నీ వాటంతటవే వస్తాయి. ఠాకురాణీ జాతర పేరెత్తితే చాలు, రెండేళ్లకోసారి అమ్మవారు దేశిబెహెరా వీధికి వచ్చే ఆ రోజుల గురించి మాట్లాడని పాత బరంపురం మనిషి అరుదు.

ఇక్కడ ఇంకో చిక్కు, బహుశా అన్నిటికన్నా పెద్దది. మన ఇళ్లలో రోగికి జబ్బు పేరు చెప్పరు. "ఆయనకు మాత్రం చెప్పకండి డాక్టర్ గారూ" అన్నది సరిహద్దుకు రెండు వైపులా వినపడే మాటే. అలాంటప్పుడు చివరి రోజుల కథలు రికార్డు చేద్దాం అని బాహాటంగా ఎలా కూర్చుంటారు? అయితే చాలాసార్లు రోగి పసిగట్టేస్తాడు. తనకు తెలుసని ఇంట్లోవాళ్లకు తెలియకుండా ఆయన దాస్తాడు, ఆయనకు తెలియదని వాళ్లు నటిస్తారు, అందరూ కలిసి ఒకే గదిలో ఒక నాటకం ఆడుతుంటారు. కథ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే, ఎందుకంటే కథలో సూటిగా అనక్కర్లేదు. వాళ్ల నాన్న ఎలా పోయాడో చెబుతూ, ఆఖర్న మగ్గం గుంట దగ్గరకు మోసుకెళ్లమన్నాడు అని ఆగాడంటే, ఆయన తన కోరిక చెప్పేసినట్టే. వినేవాడు అర్థం చేసుకుని ఊ కొడితే చాలు. ఆ ఊ కొట్టడం ఒక నైపుణ్యం. బుర్రకథలో వంతలు తందాన అన్నట్టు, చెప్పేవాడి ఊపిరి ఎక్కడ తెగుతుందో అక్కడ అందుకోవాలి. శిక్షణ పొందిన కౌన్సెలర్ కంటే పక్కింటి తాయారమ్మ లాంటి మనిషికే ఇది బాగా వచ్చి ఉండొచ్చు.

చేతుల సంగతి కూడా. ఆఖరి రోజుల్లో కొందరు మగతలో దుప్పటి అంచులు పట్టుకుని లాగుతుంటారు, గాల్లో ఏదో పట్టుకోబోతారు. ఒక్కోసారి ఆ కదలికల్లో వాళ్లు బతుకంతా చేసిన పని కనిపిస్తుంది. నేతగాడి చేయి కుడి నుంచి ఎడమకు ఒక్క విసురు, ఎడమ చేయి దాన్ని అందుకోవడం, కాలి బొటనవేలు కిందికి నొక్కడం, మళ్లీ విసురు. చూసేవాళ్లు దయ్యం పట్టిందనో పిచ్చెక్కిందనో కంగారుపడి చేతులు పట్టి అదుముతారు. వైద్యంలో దీన్ని డెలీరియం అంటారు. మొదట చూడాల్సింది మూత్రం ఆగిపోయిందా, ఇన్‌ఫెక్షన్ ఉందా, ఏదైనా మందు డోసు ఎక్కువైందా అని, ఎందుకంటే వీటిలో కొన్ని సరిచేయగలిగినవే. అవన్నీ చూశాక కూడా చేతులు ఆగకపోతే, ఆ చేతుల్లో పట్టు నూలు చిలప ఒకటి పెట్టి చూడొచ్చు. ముడి వెతుక్కుంటూ, పోగు సరిచేసుకుంటూ ఆ వేళ్లు నెమ్మదించవచ్చు. దీనికి పెద్ద పరిశోధన ఏమీ అక్కర్లేదు. బరంపురం పట్టు చీర అంచు మీద గోపురాల్లా లేచే ఫొడా కుంభ మొనలను ఆ వేళ్లే ఎన్ని వేల సార్లు లెక్కపెట్టి ఉంటాయో. వాటికి తెలిసిన పని వాటికి ఇవ్వడం కూడా కళే, బొమ్మలు గీయించడం ఒక్కటే కాదు.

పాట విషయంలో ఇష్టం ఎవరిదన్నదే ముఖ్యం. గంజాం వైపు ప్రహ్లాద నాటకం చూసి పెరిగినవాళ్లున్నారు, అందులో రాజు గద్దె దిగే తాళం వింటే చాలు లేచి కూర్చునేవాళ్లున్నారు. తెలుగు క్రైస్తవ ఇళ్లలో 19వ శతాబ్దిలో ఈ ప్రాంతాల్లోనే తిరిగిన పురుషోత్తమ చౌదరి కీర్తనలు పాడతారు. కొందరికి రేడియోలో విన్న సినిమా పాట కావాలి, ఇంకొందరికి ఏమీ వద్దు, ఫ్యాన్ చప్పుడు చాలు. మాట పలకడం మానేశాక కూడా వినికిడి ఉండొచ్చని చెప్పే ఆధారం ఉంది. 2020లో కెనడాలోని వాంకూవర్‌లో, స్పృహలేని స్థితిలో ఉన్న హాస్పీస్ రోగుల మెదడు తరంగాలు కొలిచినప్పుడు కొందరి మెదడు శబ్దాలకు ఆరోగ్యవంతుల మెదడులాగే స్పందించింది. అర్థం చేసుకుంటున్నారా లేదా అన్నది ఆ పరీక్ష చెప్పలేదు. కాబట్టి మంచం పక్కన నిలబడి పొలం వాటాల గురించి గొడవపడే కొడుకులు కాస్త వరండాలోకి వెళ్తే మంచిది.

ఎవరు చేయాలి ఇదంతా? కేరళలో 1993లో కాలికట్‌లో మొదలైన పాలియేటివ్ కేర్ ఉద్యమం డాక్టర్ల మీదే ఆధారపడలేదు, వారానికి కొన్ని గంటలు ఇచ్చే ఊరి మనుషుల్ని తయారు చేసుకుంది, 2008 నాటికి ప్రభుత్వ విధానమే వచ్చింది. సరిహద్దు తెలుగు వీధుల్లో అలాంటి మనుషులకు కొదవ లేదు: రామమందిరం భజన బృందాలు, రిటైరైన తెలుగు మాస్టర్లు, జముకు వాయించగల ముసలివాళ్లు. వాళ్లకు చెప్పాల్సింది ఒక్కటే, వెళ్లి పాడకండి, ముందు వినండి, పాట ఏది కావాలో ఆయనే చెబుతాడు. కష్టం ఎక్కడంటే, కథ ఎప్పుడూ తియ్యగా ఉండదు. ముసలమ్మ నోరు విప్పితే తాగి కొట్టిన మొగుడు బయటికొస్తాడు, ఆయన ఫొటోకు దండ వేసి ఉన్న గదిలోనే. అన్నదమ్ములు లాక్కున్న ఇల్లు, చెప్పకుండా దాచిన అప్పు, తక్కువ కులమని గుమ్మంలోనే నిలబెట్టిన అవమానం వస్తాయి. విన్నవాడు దాన్ని సర్దిచెప్పబోతే కథ చచ్చిపోతుంది. చెప్పనంటే వదిలేయాలి కూడా, మౌనంగా పోవడానికి మనిషికి పూర్తి హక్కుంది.

రికార్డింగ్‌కు ఇప్పుడు ఫోన్ చాలు. సూరత్ పవర్‌లూమ్‌లకు వెళ్లిన గంజాం కుర్రాళ్లు వేలకు వేలు, తండ్రి పోయేలోగా రాలేని కొడుక్కి వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఒక్కటే మిగిలే ఇళ్లు ఎన్నో. కాగితం మీద పెట్టే పద్ధతి ఇక్కడ నడవదు కూడా, తాత తెలుగులో చెప్పింది రాసిస్తే మనవడు చదవలేడు, ఒడియా లిపిలో తెలుగు రాస్తే చదవగలడు గానీ తాతకు చూపించి సరిచూసుకోలేడు. అందుకే గొంతు గొంతుగానే ఉంచాలి, ముక్కలుగా, ఒక్కోటి పది నిమిషాలు మించకుండా, పైన తారీఖూ సంగతీ ఒడియాలోనో తెలుగులోనో టైప్ చేసి. మొదలుపెట్టే ముందు, "ఇది ఎవరికి వినిపించమంటావు, ఎవరికి వినిపించొద్దంటావు తాతా?" అని అడగాలి. ఆ జవాబు కూడా రికార్డులోనే ఉండాలి, ఎందుకంటే కర్మలు అయిన పదకొండో రోజునే ఎవరో ఒక చుట్టం ఆ ఫోన్ అందుకుని ఫేస్‌బుక్‌లో పెడదామంటాడు.